చిన్నాయన రక్తంలో 46

మా చిన్నాయనకి తిరుపతిలో బ్యాటరీల అంగడి ఉంది. అంగడి అంటే అద్దాల తలుపులూ, ఏసీ అనుకునేరు. రేణిగుంట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ముందర ఒక బల్ల, వెనక సిమెంటు తొట్టి, అంతే. ఆటోలవీ, ట్రాక్టర్లవీ, ఇళ్ళల్లో ఇన్వర్టర్లవీ పాత బ్యాటరీలు ఆయన దగ్గరికొస్తాయి. మూత కోసి, చచ్చిన సెల్లు బయటికి లాగి, పలకలు మార్చి, సీసం కరిగించి అతుకులు పోసి, యాసిడ్ నింపి ఛార్జింగుకి పెడతాడు. కొత్త బ్యాటరీకి డబ్బుల్లేని ఆటోవాళ్ళకి ఆయనే దిక్కు. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలో దిగి.

2021 నుంచీ ఆయనకి కడుపునొప్పి. పొట్ట మెలిపెట్టినట్టు వచ్చేది, రెండు రోజులుండి పోయేది. మలబద్ధకం. చేతుల్లో బలం తగ్గిందనేవాడు, స్క్రూడ్రైవరు జారిపోతా ఉందనేవాడు. ఊళ్ళో ఒక డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు. ఇంకొకాయన ఎండోస్కోపీ చేసి "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. రెండేళ్ళు గడిచాయి. 2023లో మా నాయన పట్టుబట్టి రాయవేలూరు తీసుకుపోయాడు. మా వైపు ఏ జబ్బైనా రెండు మూడు నెలల్లో తగ్గకపోతే రాయవేలూరు బస్సెక్కడం ఆనవాయితీ, చిత్తూరు జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు, అరవం యాసలో తెలుగు మాట్లాడే అమ్మాయి, పొట్ట నొక్కి చూసి "ఏం పని చేస్తారు?" అని అడిగింది. రెండేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. బ్యాటరీల పని అనగానే చిగుళ్ళు చూసి, రక్తం తీయించింది. మూడు రోజుల తర్వాత వచ్చిన కాగితంలో సీసం 46 అని ఉంది, మైక్రోగ్రాములు పర్ డెసీలీటరు. పక్కన బ్రాకెట్లో "10 లోపు" అని.

ఆ రాత్రి బెంగుళూరులో ఉన్న నాకు ఫోను చేశాడు. "ఒరే అబ్బయ్యా, నువ్వు ఇంజనీరువి గదా. 46 అంటే పాసా ఫెయిలా చెప్పు" అన్నాడు.

నేను కంప్యూటర్ ఇంజనీరుని, డాక్టర్ని కాను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. పైగా మనకి అలవాటైన ప్రశ్న కాదది. అయినా చూసి చెప్తాలే అన్నాను. ఒక్క అంకె అర్థం చేసుకోడానికి వారాలు పట్టింది. అంకె అర్థమవడం కష్టం కాదు, దాని పక్కన గీసిన గీత ఎవరు గీశారు, ఎందుకు గీశారు, ఎన్నిసార్లు చెరిపి గీశారు అన్నదే పెద్ద కథ.

ముందు అంకె సంగతి. డెసీలీటరు అంటే 100 మిల్లీలీటర్లు, చిన్న గ్లాసుడు. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం, అంటే 50 డెసీలీటర్లు. లెక్క కడితే చిన్నాయన రక్తం మొత్తంలో ఉన్న సీసం రెండు మిల్లీగ్రాములు దాటి కొంచెం. ఒక బియ్యపు గింజని పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క బరువు. అంత చిన్న ముక్క ఐదు లీటర్లలో కలిసి ఉంటే మనిషి చేతిలో స్క్రూడ్రైవరు జారిపోతుంది. ఒంటికి సీసంతో ఏ పనీ లేదు. ఇనుము, జింకు లాగా కొంచెం కావాలి, ఎక్కువైతే చెడ్డది అనే రకం కాదు. ఉన్నదంతా బయట్నుంచి వచ్చిందే.

"ఏం పని చేస్తారు?" అన్న ప్రశ్నకి ఒక పుట్టుక ఉంది. 1700లో బెర్నార్డినో రమజ్జీని అనే ఇటలీ డాక్టరు పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని అడగాల్సిన పాత ప్రశ్నల పట్టికకి ఈ ఒక్క ప్రశ్న కలపమన్నాడు. సీసంతో మెరుగు పూసే కుమ్మర్ల చేతులు వణకడం, పడిపోవడం ఆయన రాశాడు. మూడొందల ఇరవై ఏళ్ళ తర్వాత మా ఊళ్ళో ఇద్దరు డాక్టర్లకి ఆ ప్రశ్న గుర్తు రాలేదు. వాళ్ళని తిట్టి లాభం లేదు లెండి, బయట వంద మంది కూర్చుని ఉంటారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ 1910 నుంచి ఇల్లినాయిస్ ఫ్యాక్టరీలు తిరిగి సీసం పనివాళ్ళ జబ్బులు లెక్కపెట్టింది. అప్పట్లో చూసేది జబ్బుని, రక్తంలో అంకెని కాదు. మణికట్టు వాలిపోయిందా, చిగుళ్ళ మీద నీలం గీత ఉందా, కడుపు మెలిపెడుతోందా అని. అంకె వచ్చాక జబ్బుని చూడడం తగ్గింది, అది వేరే సంగతి.

అంకెని రాజుని చేసినవాడు రాబర్ట్ కెహో. 1920లలో పెట్రోల్లో టెట్రా ఇథైల్ లెడ్ కలపడం మొదలైంది, ఇంజను కొట్టుకోకుండా. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ ద్రవం తయారుచేసే చోట ఐదుగురు పిచ్చెక్కినట్టు అయ్యి చచ్చిపోయారు. గోల అయ్యింది, 1925లో ప్రభుత్వం సమావేశం పెట్టింది. పెట్రోలు కంపెనీల తరఫున మాట్లాడిన డాక్టరే ఈ కెహో. తర్వాత నలభై ఏళ్ళ పాటు సీసం మీద అమెరికాలో పెద్ద దిక్కు ఆయనే, జీతమేమో సీసం కలిపే ఇథైల్ కంపెనీ నుంచి. ఆయన సిద్ధాంతం రెండు ముక్కలు. ఒకటి, సీసం ప్రకృతిలో ఉంది కాబట్టి మనిషి ఒంట్లో కొంత ఉండడం సహజం, ఒళ్ళు దాన్ని బయటికి తోసేసుకుంటుంది. రెండు, రక్తంలో 80 దాటితేనే జబ్బు, అంతకు లోపల భయం లేదు.

ఆ లెక్కన మా చిన్నాయన పాస్. ఇంకా 34 పాయింట్ల మార్జిన్ ఉంది :)

"సహజం" అని ఎలా తేల్చాడో చూస్తే నాకు టెస్టింగ్ టీములో మొదటి ఏడాది గుర్తొచ్చింది. కార్లూ ఫ్యాక్టరీలూ లేని మనుషుల్లో ఎంత ఉందో చూడాలని మెక్సికోలో ఒక మారుమూల పల్లెకి పోయాడు. వాళ్ళ ఒంట్లో కూడా సీసం కనబడింది. ఇంకేం, సహజమే అన్నాడు. కానీ వాళ్ళు అన్నం తినే మట్టి గిన్నెల మీద పూతలో సీసం ఉంది. అంటే పోల్చడానికి తీసుకున్న శాంపిలే పాడైంది. బగ్ ఉన్న వర్షన్‌ని పాత బగ్గు ఉన్న వర్షన్‌తో పోల్చి "తేడా లేదు కాబట్టి రిలీజ్ చెయ్యొచ్చు" అన్నట్టు.

దీన్ని పట్టుకున్నవాడు డాక్టరు కూడా కాదు. క్లెయిర్ ప్యాటర్సన్ అని ఒక భూరసాయన శాస్త్రవేత్త. ఉల్కలో సీసం పాళ్ళు కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని 1956లో లెక్క తేల్చిన మనిషి. ఆ కొలతలు చేస్తుంటే ఎన్నిసార్లు చేసినా సీసం ఎక్కువే వచ్చేది. గాజులో సీసం, నీళ్ళలో సీసం, గాల్లో సీసం, తన జుట్టు మీద సీసం. చివరికి గాలి కూడా వడగట్టి లోపలికి పంపే గది కట్టుకున్నాడు. ఆ గది కట్టాకే ఆయనకి అర్థమైంది, లోకమంతా సీసం దుమ్ము కింద ఉందని. 1965లో ఒక వ్యాసం రాశాడు. మామూలుగా కనబడేది వేరు, సహజమైనది వేరు, మీరందరూ మామూలుని సహజం అనుకుంటున్నారని. మన పూర్వీకుల ఒంట్లో ఇప్పటి దానికంటే వంద రెట్లు తక్కువ ఉండి ఉంటుందన్నాడు. కెహోకి కోపం వచ్చింది, కంపెనీల నుంచి వచ్చే పరిశోధన డబ్బు ఆగిపోయింది. ప్యాటర్సన్ ఆగలేదు. గ్రీన్‌లాండ్ మంచులో పొరలు తవ్వి, ఏ ఏట ఎంత సీసం పడిందో చూపించాడు.

నాకు ఈ మొత్తం కథలో నచ్చిన మనిషి ఈయనే. కొలత తప్పొస్తోందంటే మనలాంటోళ్ళం సగటు తీసి సర్దుకుపోతాం. ఈయన తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటూ పోయి లోకంలో తప్పు కనిపెట్టాడు.

మళ్ళీ అంకె దగ్గరికొద్దాం. ఆ రోజుల్లో రక్తంలో సీసం కొలవాలంటే డైథైజోన్ అనే రసాయనం కలిపి రంగు చూసేవాళ్ళు. దానికి బోలెడు రక్తం, మంచి చెయ్యి కావాలి. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ ఆటమిక్ అబ్జార్ప్షన్ పద్ధతి చూపించాడు. లోహాన్ని మంటలో ఆవిరి చేసి దాని మీద వెలుతురు పంపితే, ఒక్కో లోహం తనకి సంబంధించిన రంగుని మాత్రమే మింగుతుంది, ఎంత మింగిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. 1970లో డెల్వ్స్ అనే ఆయన దానికి ఒక చిన్న కప్పు జోడించాడు. వేలి కొసన పొడిస్తే వచ్చే చుక్కలు చాలు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, పసిపిల్లల్ని వేల సంఖ్యలో పరీక్ష చెయ్యడం కుదిరింది ఇలాంటి వాటి వల్లే. గ్లాసులకొద్దీ రక్తం ఇవ్వమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

పిల్లల్ని చూడడం మొదలయ్యాక గీత కిందికి జారడం మొదలైంది. అమెరికాలో పిల్లలకి 1960లలో 60 దాకా ఫరవాలేదనేవాళ్ళు. 1970లో 40. 1975లో 30. 1985లో 25. 1991లో 10. 2012లో 5. 2021లో 3.5. పిల్లల ఒళ్ళు మారలేదు, సీసం మారలేదు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ బోస్టన్ పక్క ఊళ్ళలో బడిపిల్లల ఊడిపోయిన పాలపళ్ళు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. బయటికి ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా, పళ్ళలో సీసం ఎక్కువున్నవాళ్ళకి తెలివి పరీక్షల్లో మార్కులు తక్కువ, క్లాసులో ధ్యాస తక్కువ. పరిశ్రమ వైపు మనుషులు ఆయన మీద డేటా తారుమారు ఆరోపణలు చేశారు, ఏళ్ళ తరబడి విచారణలు నడిచాయి, చివరికి తప్పుడు పని చెయ్యలేదని తేలింది. ఈలోపు పెట్రోల్లో సీసం తగ్గించడం మొదలెట్టారు. 1976 నుంచి 1980 లోపు అమెరికా జనం రక్తంలో సగటు 14.6 నుంచి 9.2కి దిగింది. పెట్రోల్లో వాడిన సీసం గ్రాఫూ, రక్తంలో సీసం గ్రాఫూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి.

పెద్దవాళ్ళ లెక్క వేరు, పనివాళ్ళ లెక్క ఇంకా వేరు. అమెరికాలో 1978లో వచ్చిన రూలు ప్రకారం ఫ్యాక్టరీలో పనివాడి రక్తంలో ఒకసారి 60 వచ్చినా, లేదా సగటు 50 అయినా సీసం పని నుంచి పక్కకి తియ్యాలి, జీతం ఆపకూడదు, 40 లోపు దిగాక మళ్ళీ రానివ్వాలి. అంటే మా చిన్నాయన అక్కడైనా పన్లోనే ఉండేవాడు! ఇదేమీ ఒంటికి మంచిదని గీసిన గీత కాదు. అప్పటి ఫ్యాక్టరీలు ఎంతవరకు తట్టుకోగలవో చూసి గీసింది. ఇంతకీ ఆ 3.5 కూడా క్షేమమని చెప్పే గీత కాదు. అమెరికాలో ఐదేళ్ళలోపు పిల్లల్ని వరసగా నిలబెడితే, మొదటి 97.5 శాతం మంది ఆ అంకె లోపల ఉంటారు. అంతే. అది పక్క పిల్లలతో పోలిక. మన దేశంలో పిల్లల్ని వరసగా నిలబెడితే గీత ఎక్కడ పడుతుందో ఆలోచించండి.

ఎవరూ నిలబెట్టలేదా అంటే, నిలబెట్టారు. 1997లో మొదలుపెట్టి జార్జ్ ఫౌండేషన్ వాళ్ళు బెంగుళూరు, ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, హైదరాబాదుల్లో రక్తపరీక్షలు చేశారు. ఏడో ఊరు ఏదో తెలుసా? మన రాయవేలూరే. ఇరవై వేలకి పైగా శాంపిల్స్. పన్నెండేళ్ళలోపు పిల్లల్లో సగం మందికి పైగా అప్పటి గీత 10ని దాటి ఉన్నారు. ఆ పరీక్షల వెనక ఉన్న డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ తర్వాత బెంగుళూరు సెయింట్ జాన్స్‌లో సీసం విషానికి జాతీయ రెఫరల్ కేంద్రం నడిపాడు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. నేను పుట్టిన మూడేళ్ళకి. అంటే నా తరం చిన్నప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర పీల్చిన గాలిలో ఎంతో కొంత ఉంది. 2020లో యూనిసెఫ్ నివేదిక ప్రకారం మన దేశంలో రక్తంలో 5 దాటిన పిల్లలు 27 కోట్ల 50 లక్షల మంది. ఇది అంచనా అనుకోండి, అందరికీ సూది గుచ్చి చూసింది కాదు. కాకపోతే పెట్రోల్లో పోయాక కూడా ఇంత ఎక్కణ్ణుంచి వస్తోంది అంటే పాత రంగులు, కల్తీ మసాలాలు, చవక గిన్నెలు, అన్నిటికన్నా ముఖ్యంగా మా చిన్నాయన చేసేలాంటి పని. ప్రపంచంలో సీసం ఎక్కువ భాగం పోయేది బ్యాటరీల్లోకే.

అంకె తప్పుదోవ పట్టించడం కూడా మన రాష్ట్రంలోనే చూశాం. 2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. వారం లోపు ఐదొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కువమంది కొద్ది గంటల్లో తేరుకుని ఇంటికెళ్ళారు. ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపిన రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని వార్త రాగానే టీవీలన్నీ "సీసం దొరికింది" అని మోగించాయి. ఒక్క ప్రశ్న మాత్రం తక్కువ మంది అడిగారు: అదే వీధిలో పడిపోని వాళ్ళ రక్తంలో ఎంత ఉంది? మన పట్నాల్లో ఎవరి రక్తం తీసినా కొంత సీసం కనబడుతుంది, పైన చెప్పాను కదా. సీసం అలా ఒక్క రాత్రిలో వందల మందిని పడేసి పొద్దునకి లేపదు. అది నెలల తరబడి నిదానంగా ఎక్కే విషం. డిసెంబరు మధ్యకి ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. కెహో మెక్సికోలో చేసిన పొరపాటుకి ఇది తిరగేసిన బొమ్మ. ఆయన అందరిలో ఉంది కాబట్టి మంచిదే అన్నాడు, మనం ఉంది కాబట్టి అదే కారణం అన్నాం.

ఆ తర్వాత ఐదు నెలలకి వ్యవహారం మా వాకిట్లోకే వచ్చింది. 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, అమర రాజా బ్యాటరీస్ వాళ్ళ కరకంబాడి, నూనెగుండ్లపల్లె యూనిట్లు మూసెయ్యమని ఉత్తర్వులిచ్చింది. సీసం బయటికి పోతోందని, పనివాళ్ళ రక్తంలో కూడా ఉందని మండలి వాదన. కంపెనీ ఒప్పుకోలేదు, రూల్స్ అన్నీ పాటిస్తున్నామంటూ హైకోర్టుకి పోయింది. మే 6న హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని తాత్కాలికంగా ఆపింది. ఎవరిది రైటు అని తేల్చడం నా పని కాదు. కంపెనీ కుటుంబంలోని వ్యక్తి అప్పుడు తెలుగుదేశం ఎంపీ, రాష్ట్రంలో ప్రభుత్వం వైయస్సార్ కాంగ్రెస్‌ది. కాబట్టి రెండు రోజుల్లో చర్చ సీసం నుంచి రాజకీయంలోకి జారుకుంది. ఒకరు కక్ష అన్నారు, ఇంకొకరు కాలుష్యం అన్నారు. మా కాలేజీ సీనియర్లు, చుట్టాలు చాలామంది ఆ కంపెనీ జీతం మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే, కాబట్టి మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా రెండు పార్టీలు. నాకు గుర్తున్నంతలో ఏ టీవీ చర్చలోనూ ఒక పనివాడు తన కాగితం పట్టుకుని "ఇదీ నా అంకె, పోయినేడు ఇంత, ఈ ఏడు ఇంత" అని చెప్పలేదు. అందరూ అతని రక్తం గురించే మాట్లాడారు.

ఆ రోజుల్లో మా చిన్నాయన టీవీ ముందు కూర్చుని "పెద్ద ఫ్యాక్టరీ కాబట్టి మూయమంటా ఉండారు, మనల్ని ఎవురు అడిగేది" అని నవ్వాడు. అప్పటికే కడుపునొప్పి మొదలైంది.

ఆయన్ని నిజంగానే ఎవరూ అడగలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల పట్టికలో, మొట్టమొదటి పేరే సీసం విషంగా ఉండేది. చూసిన డాక్టరు కూడా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకి రాసి పంపాలని 89వ సెక్షన్‌లో పెట్టారు. చదివితే ఎంత బాగుందో. కానీ ఆ చట్టంలో ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటు వాడే చోట మామూలుగా పదిమంది పనివాళ్ళుండాల్సి వచ్చేది. మా చిన్నాయన షెడ్డులో ఆయన, ఇద్దరు కుర్రాళ్ళు. పెద్ద ఫ్యాక్టరీలో కనీసం మాస్కులు, స్నానాల గదులు, ఏడాదికింతని రక్తపరీక్షలు ఉంటాయి, గొడవ పడడానికి కాగితాలైనా ఉంటాయి. రేకుల షెడ్డుకి కాగితమే లేదు.

రాయవేలూరు డాక్టరమ్మ చిన్నాయనకి మందు ఇవ్వలేదు. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాగే మందులున్నాయి, కానీ పని మానకుండా మందేస్తే తొట్టిలో నీళ్ళు పోతుంటే కుళాయి కట్టకుండా తోడినట్టేనంది. ముందు మూడు నెలలు పనికి దూరంగా ఉండమంది. రక్తంలో సీసం నెల, నెలన్నరకి సగమవుతుంది. ఎముకల్లో దాక్కున్నది మాత్రం దశాబ్దాలుంటుంది, మెల్లిగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్ళు ఎముకల్లోనే. అంటే రక్తపరీక్ష చూపించేది మొన్నమొన్నటి సంగతి, ఇరవై ఏళ్ళ చరిత్ర కాదు.

బయల్దేరబోతుంటే ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "పని గుడ్డలతోనే ఇంటికి పోతారా? ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

ఉన్నారు. మా చిన్నాయనకి లేటుగా పుట్టిన కూతురు, అప్పటికి ఐదేళ్ళు. సాయంత్రం బండి చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి ఆయన కాళ్ళు చుట్టేసుకుంటుంది. పక్క వారం దాన్ని కూడా తీసుకుపోయారు. వేలి కొసన తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి అంకె తప్పొస్తుందని నరం నుంచే తీశారు. 11 వచ్చింది.

ఈ సారి నేను ఆ గీతల పట్టికతో జోకులెయ్యలేకపోయాను. 1985లో అయితే పాప పాస్. 1991లో ఒక్క పాయింటుతో ఫెయిల్. ఇప్పుడైతే గీతకి మూడింతలు. ఐదేళ్ళ పిల్ల అదే, రక్తం అదే.

పాపకి కూడా మందులేం లేవు, ఆ అంకెకి ఇవ్వరు. ఇల్లు తడిగుడ్డతో తుడవాలి, చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది. తినే ముందు చేతులు కడగాలి. ఇనుము, కాల్షియం బాగా ఉన్న తిండి పెట్టాలి, అవి తక్కువైతే పొట్ట సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. "రాగి పెట్టండి" అని డాక్టరమ్మ అంటే మా చిన్నమ్మ "ఇంకో లోహమా తల్లీ!" అని బిత్తరపోయిందట. ఆమె అన్నది రాగి సంగటి సంగతి :)

చిన్నాయన మూడు నెలలు అంగడి మూశాడు. మా నాయన కొంత, నేను కొంత పంపాం. అద్దె మాత్రం ఆగదు కదా. మూడు నెలలకి 31. డాక్టరమ్మ ఇంకా ఆగమంది, ఆయన ఆగలేకపోయాడు. ఇప్పుడు సీసం కరిగించే పని మానేసి కొత్త బ్యాటరీలు అమ్మడం, ఛార్జింగు పెట్టడం చేస్తున్నాడు, ఆదాయం సగం. ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు పక్క వీధిలో వేరే షెడ్డులో అదే కరిగించే పనికి చేరాడు. పరీక్ష చేయిస్తాం రారా అంటే నవ్వి తప్పించుకున్నాడు. వాడికి పెళ్ళై ఏడాది.

ఒక పక్కమాట. ఇది చదివి రేపే ల్యాబుకి పరిగెత్తకండి. ఈమధ్య హెల్త్ ప్యాకేజీల్లో ఇరవై లోహాలకి ఒకే రేటని అమ్ముతున్నారు. ఆర్సెనిక్ రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది, దానికి మూత్రం చూడాలి. సీసానికి మొత్తం రక్తం చూడాలి, సీరమ్ తీస్తే లాభం లేదు, ఎందుకంటే అది దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది. ముందు మందు మింగించి తర్వాత మూత్రం పట్టి "చూశారా ఎంత విషమో" అనే పరీక్షని అస్సలు నమ్మకండి, ఆ మందు వేస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. యంత్రాలకీ హద్దులున్నాయి. వేలి చుక్కతో మూడు నిమిషాల్లో చెప్పే చిన్న యంత్రం కనీసంగా చూపగలిగేది 3.3, గీతేమో 3.5. ఆ యంత్రం నరం రక్తానికి వాడితే తక్కువ చూపొచ్చని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. రంగుల పని, బ్యాటరీల పని, పోత పని చేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు మాత్రం తప్పకుండా చేయించుకోవాలి.

పాసా ఫెయిలా అన్న ప్రశ్నకి నేను చిన్నాయనకి చెప్పిన జవాబు ఇది: "చిన్నాయనా, అది పరీక్ష మార్కు కాదు, బ్యాంకు అప్పు లాంటిది. ఇంత దాకా పర్లేదు అని ఎవుడన్నా చెప్తే వాడు నీ తరఫున మాట్లాడతా ఉండాడా, బ్యాంకు తరఫునా చూసుకో." ఆయన కాసేపు ఊరుకుని "అయితే తీరేదెప్పుడు?" అన్నాడు. ఎముకల సంగతి అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పాను.

పోయిన నెల మళ్ళీ చేయించారు. ఆయనకి 22, పాపకి 6. పాప రెండో క్లాసుకొచ్చింది. చిన్నమ్మ ఆ కాగితాలన్నీ రేషన్ కార్డు పెట్టే సంచిలోనే పెడుతుంది, తేదీల వరసన. పని గుడ్డలు ఇప్పటికీ వాకిట్లో వేరే బకెట్లోనే నానబెడుతుంది.